ఆది లేని జాకెట్లు

"ఇంకోసారి చూపియ్యి," అన్నాను.

ఎస్సై శ్రీకాంత్ విసుక్కుంటూ తన ఫోన్లో వీడియోను మళ్లీ మొదటికి తెచ్చాడు. అమరేందర్, శ్రేయల ఇంటి వెనక గల్లీలో ఉన్న కిరాణా కొట్టు కెమెరా అది. ఇవాళ, శుక్రవారం, పొద్దున పది గంటల నలభై ఏడు నిమిషాలు. వెనక గేటు తెరుచుకుంది. నల్ల బురఖాలో ఒక ఆడమనిషి బయటికొచ్చి, మూలమీద ఆగి ఉన్న ఆటో దాకా నడిచి ఎక్కింది. ఆటో ఒవైస్‌ది. రోజూ ఆ ఇంటి పిల్లలిద్దరినీ బడికి తీసుకెళ్లేది అతనే.

"ఇంకా ఏం సూస్తరు మేడం?" అన్నాడు శ్రీకాంత్. "పదకొండు ఇరవైకి శ్రేయ ఇంట్ల లేదని తెలిసింది. పది నలభై ఏడుకు గీమె బురఖా ఏసుకొని పోయింది. నిన్న ఒక్కదినమే ఒవైస్‌కు నాలుగుసార్లు ఫోన్ చేసింది. లెక్క సాఫ్."

"ఒవైస్ ఏమంటుండు?"

"స్టేషన్ల కూసోబెట్టినం. ఆటో ఎక్కింది మా అమ్మ అంటుండు. మీ అమ్మ గా ఇంటికి ఎందుకొచ్చిందిరా అంటే తెల్వదంటడు. ఇంట్ల పెద్దామెను అడిగిన. పొద్దటి సంది ఎవలు రాలేదన్నది. ఇగ వాని మాట ఎవలు నమ్ముతరు?"

నా పేరు మెహజబీన్. పన్నెండేళ్లు కానిస్టేబుల్‌గా చేసి ఒళ్లుమండి మానేశాను. ఇప్పుడు మెదక్‌లో పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు, మొగుళ్ల మీద నిఘాలు నా బతుకుతెరువు. ఈ శ్రీకాంత్ కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు ఎఫ్ఐఆర్ రాయడం నేర్పింది నేనే. అప్పుడు అక్కా అనేవాడు. భుజం మీద రెండు నక్షత్రాలు పడ్డాక మేడం అయ్యాను, అదీ వెటకారంగా. ఒవైస్ తల్లి షాజహాన్ బీ మధ్యాహ్నం ఏడ్చుకుంటూ నా గడప తొక్కకపోతే అతని మొహం చూసే పని నాకు లేదు.

అది పూర్తి నిజం కాదు. శ్రేయ కనబడటం లేదన్న మాట విన్నాక ఎవరూ పిలవకపోయినా వచ్చేదాన్నే.

"సార్," అన్నాను, ఆ మాటను సాగదీసి. "గామె నడక సూడు. తాటిచెట్టు లెక్క నిటారుగ నడుస్తుంది. శ్రేయ గట్ల నడవలేదు."

"హెర్నియా ఆపరేషన్ అయి పదకొండు దినాలైంది. నడవదా?"

"హెర్నియా కాదు."

నలుగురి చెవిన పడకుండా దాచమని ఆ పిల్ల నన్ను బతిమాలిన సంగతి అది. అయినా వరండాలో అతన్ని పక్కకు పిలిచి చెప్పాను. ఇద్దరు పిల్లల్ని కన్నాక సాగిపోయిన పొట్ట చర్మాన్ని కోసి తీసేశారు. విడిపోయిన లోపలి కండరాలను దగ్గరికి లాగి కుట్టారు. రొమ్ములు పైకి సర్దారు. నడుము పక్కల కొవ్వు లాగేశారు. అన్నీ ఒకే పూటలో, హైదరాబాద్‌లో, ఆరు గంటల పాటు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కుట్లున్న మనిషి రెండు మూడు వారాలు వంగే నడుస్తుంది. నిటారుగా నిలబడితే కుట్లు పట్టేస్తాయి.

శ్రీకాంత్ మూతి వంకర తిప్పాడు. "సోకు కోసమా గిదంత?"

"నువ్వు జిమ్ముకు పోతే ఫిట్‌నెస్, ఆమె పోతే సోకా? వీడియో ఎనక్కి జరుపు."

"నా దగ్గర పది నలభై నుంచే ఉన్నది. ముందుది ఎందుకు తీసుకుంట?"

"గందుకే నీకు నేను నేర్పింది సగమే ఎక్కిందంటున్న. పోయి ముందుది గూడ తీసుకరా."

అతను రుసరుసలాడుతూ కిరాణా కొట్టు దాకా వెళ్లి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను వరండా మెట్టు మీద కూర్చుని నా తప్పును మరోసారి లెక్కేసుకున్నాను.

నాకొక పొగరుంది. రిపోర్టులో చూసింది చూసినట్టే రాస్తాను, ఒక్క ముక్క కలపను, తియ్యను. నాలుగు నెలల కింద శ్రేయ నా దగ్గరికొచ్చింది. భర్త హైదరాబాద్‌లో ఎవరినో కలుస్తున్నాడని అనుమానం. పదిహేను రోజులు తిరిగి ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అమరేందర్ పక్కన ఒక అమ్మాయి. ఆకుపచ్చ జాకెట్టు, పల్చటి చీర, పిడికెడు నడుము. శ్రేయ ఏడవలేదు, తిట్టలేదు. ఫోటోను చాలాసేపు చూసి ఒక్కటే అడిగింది.

"ఈమెకు పిల్లలున్నరా అక్కా?"

"లేరు," అన్నాను.

నిజమే చెప్పాను. మూడు నెలలు దాటాక ఆపరేషన్‌కు డేట్ తీసుకున్నానని ఫోన్ చేసింది. గొంతులో అంత సంబరం ఉంటే ఏమనగలను? జాగ్రత్త అన్నాను. వాడి కోసం నువ్వెందుకు కోయించుకుంటావు, వాణ్ని నిలదియ్యి అనాల్సింది. ఆమె తన కోసం చేయించుకుంటే దండం పెట్టేదాన్ని. అది తన కోసం కాదని ఆ ఫోటో తీసిన నాకే తెలుసు. నోరు మెదపలేదు.

శ్రీకాంత్ వచ్చాడు. ఈసారి అతని నడకే కొంచెం వంగింది. "పది ముప్పై ఒకటికి గదే బురఖా ఆమె వెనక గేటు నుంచి లోపటికి వచ్చింది," అన్నాడు మెల్లగా. "చేతిల నిండు కవరుండె. పోయేటప్పుడు ఖాళీ చేతులు."

"అంటే బయటినుంచి వచ్చిన మనిషే, బయటికి పోయింది. షాజహాన్ ఖాలాను పిలువు."

గేటు బయట నిలబడ్డ షాజహాన్ బీని లోపలికి పిలిచాం. అరవై ఏళ్ల మనిషి. కుట్టుమిషన్ తొక్కి తొక్కి మోకాళ్లు అరిగినా నడుము మాత్రం వంగలేదు. శ్రీకాంత్‌కు అర్థమవ్వాలని తెలుగులోనే మాట్లాడింది.

"నేనే వచ్చిన సాబ్. జాకెట్లు ఇచ్చిపోదామని. మా వోనికి ఎందుకని చెప్పలె. ఒక ఆడిపిల్ల కొలత ఇంకొకల చెవుల ఎయ్యొద్దు, మా పనిల గది అమానతు, నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన సొత్తు. ఫోన్లు గూడ గందుకే. మీ అమ్మకు ఫోన్ ఇయ్యి అని చేసి, జాకెట్లు అయినయా అని నన్ను అడిగింది పాపం."

"జాకెట్లు ఎవల చేతికి ఇచ్చినవ్?" అన్నాను.

"పెద్దామె చేతికే. వంటింటి దర్వాజ కాడ. కోడలు పండుకున్నది, లేపొద్దు అన్నది. జర సేపు కూసున్న, లేస్తదేమోనని. లేవలే."

శ్రీకాంత్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరూ రాలేదన్న శ్రేయ అత్త భూలక్ష్మి పదిన్నరకు ఈమెతో మాట్లాడింది. కోడలు పడుకుందనీ చెప్పింది.

"ముందు శ్రేయ గది చూద్దాం," అన్నాను. "పెద్దామెను తర్వాత అడుగుదాం. వట్టి చేతులతో అడిగితే మళ్లీ అబద్ధమే చెప్తది."

గది తలుపు దగ్గర రోజీ నిలబడి ఉంది. హవేలిఘనపూర్ పిల్ల. ఆపరేషన్ తర్వాత శ్రేయను చూసుకోవడానికి పెట్టిన నర్సు. మంగళవారం మధ్యాహ్నం భూలక్ష్మి ఆమెను పంపించేసింది. మనసొప్పక ఇవాళ పదకొండు ఇరవైకి వచ్చి, గది ఖాళీగా ఉండటం చూసి పోలీసులకు ఫోన్ చేసింది ఈ పిల్లే.

"ఎందుకు పంపిండ్రు నిన్ను?"

"నర్సు ఉంటే వచ్చేటోళ్లంత ఏమైంది ఏమైంది అని అడుగుతుండ్రట. నేను సూసుకుంట, నువ్వు పో అన్నది పెద్దమ్మ. నేను గట్టిగ చెప్పకపోతిని మేడం. సరే అని చెప్పులేసుకొని పోయిన." రోజీ కళ్లు తుడుచుకుంది.

కిటికీ పక్కన పడక కుర్చీ ఉంది. పొట్ట బిగుసుకోకుండా మోకాళ్లు వంచి పడుకోవడానికి కొన్న కుర్చీ. దాని మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది, రెండు మూడు రోజులుగా కదిలించినట్టు లేదు. పక్కన మంచం మీద మాత్రం పరుపు నొక్కుకుపోయి ఉంది. మంచం కింద కుంపటి, అందులో సాంబ్రాణి బూడిద.

"ఈమెను మంచం మీద పండబెట్టిండ్రు," అంది రోజీ. "ఎల్లకిల సాపుగ. అయ్యో."

బాత్రూం తీగ మీద గట్టి బెల్టు ఆరేసి ఉంది. మెడ కింది నుంచి తొడల దాకా పట్టే తొడుగు. రెండోది అల్మారాలో మడతపెట్టి ఉంది.

"మొత్తం ఎన్ని?"

"రెండే. ఒకటి ఉతుకుతే ఒకటి ఏస్కోవాలె. స్నానానికి తప్ప ఇప్పొద్దు."

రెండూ ఇక్కడే ఉంటే ఆమె ఒంటి మీద ఏముంది? సమాధానం చెత్తబుట్టలో దొరికింది. పాత నూలు చీరను జానెడు వెడల్పున చింపిన పీలికలు. ఒకదాని మీద పసుపు నూనె, పసుపు కాని ఇంకో మరక. వాసన చూసి శ్రీకాంత్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తలుపు వెనక కాగితం అంటించి ఉంది. శ్రేయ పొట్టకు రెండు పక్కలా సన్నటి గొట్టాలు, చివర చిన్న బుడ్లు. లోపల ఊరే నీరు వాటిలోకి దిగుతుంది. ఎంత దిగిందో రోజీ పూటపూటా రాసేది. సోమవారం సాయంత్రం కుడి నలభై నాలుగు, ఎడమ ముప్పై ఎనిమిది. మంగళవారం ఉదయం నలభై ఒకటి, ముప్పై ఆరు. ఆ తర్వాత చేతిరాత మారింది. కాగితం చిరిగేలా ఒత్తి రాసిన అంకెలు. బుధవారం పది, పది. గురువారం అయిదు, సున్న. సున్న పక్కన ఎవరో సంతోషంగా ఒక అడ్డగీత కూడా కొట్టారు.

"గిట్ల ఒక్క దినంల తగ్గదు మేడం," అంది రోజీ, ఆ అంకెల మీద వేలు పెట్టి. "నీళ్లు ఊరుడు ఆగలే. గొట్టం మూసుకపోయింది. లోపటనే నిండింది."

వరండాలోకి వస్తూ గోడ చూశాను. తెల్ల సున్నం మీద పసుపు నూనె చేతిగుర్తులు నాలుగు. నా తుంటి ఎత్తులో. పిల్లల చేతులు కావు, పెద్ద మనిషి అరచేయి. వంగి, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లిన గుర్తులు. అవి వంటింటి వైపు, వెనక గేటు వైపు పోలేదు. ముందు వాకిలి వైపు పోయాయి. ముందు వైపు కెమెరా లేదు.

"ముందు నుంచి పోయింది. గింత వంగి దూరం నడువలేదు, బండిల పోయింది," అన్నాడు శ్రీకాంత్ తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

భూలక్ష్మి వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. కొడుకు అమరేందర్ బుధవారం నుంచి హైదరాబాద్‌లో ఉన్నాడు, ఇప్పుడు బయల్దేరి వస్తున్నాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆమె పీట దిగలేదట. ఫ్రిజ్ మీద షాజహాన్ బీ తెచ్చిన కవరు అలాగే ఉంది. దాచడం కూడా చేతకాని మనిషి.

కవరు దించి విప్పాను. నాలుగు జాకెట్లు. వాటి మధ్య నుంచి ఒక ఫోటో జారి కింద పడింది.

ఆకుపచ్చ జాకెట్టు, పల్చటి చీర, పిడికెడు నడుము. నేను తీసిన ఫోటో. అమరేందర్ ఉన్న సగాన్ని కత్తెరతో కత్తిరించేశారు.

"గది నేను వాపస్ పెట్టిన," అంది షాజహాన్ బీ వెనక నుంచి. "ఆది జాకెట్టు ఇయ్యి బిడ్డా అన్న. పాత జాకెట్ల కొలత ఇగ పనికిరాదు ఖాలా, గీ ఫోటోల ఉన్నామె లెక్క కుట్టు అన్నది. ఫోటో సూసి ఎట్ల కుడుతరు? అందాజ మీద కుట్టిన. కుట్టు లోపట రెండంగుళాల గుడ్డ ఇడిసిపెట్టిన, పట్టకపోతే ఇప్పుకుంటదని."

నా చేతిలో కాగితం బరువెక్కింది. శ్రీకాంత్ నా మొహం చూసి ఏదో అడగబోయి మానుకున్నాడు. అతని మీద నాకు మొదటిసారి కొంచెం గౌరవం కలిగింది.

ఫోటోను సంచిలో పెట్టుకుని భూలక్ష్మి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. టైము మూడు యాభై.

"పెద్దమ్మా, పొద్దున ఎవలు రాలేదన్నరు."

"రాలె."

"మరి గీ కవరు కాళ్లొచ్చి ఫ్రిజ్ ఎక్కిందా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదిన్నరకు కోడలు పండుకున్నది అన్నరు. పదిన్నరకు ఇంట్ల కోడలు లేదు. ఎన్ని గంటలకు పోయింది?"

"ఒట్టు పెట్టింది బిడ్డా. పిల్లల మీద ఒట్టు. ఎవలకు చెప్పొద్దన్నది."

"జ్వరం ఎప్పటిసంది?"

"నిన్న పగటీలి సంది." అనేసి నాలిక్కరుచుకుంది.

"బెల్టు ఎందుకు ఇప్పినరు?"

"గది గాలి ఆడనిస్తదా? కడుపు కోసిన ఆడిది బాలింతే. రెండు కాన్పులకు నేనే నడుం కట్టిన. చీర సింపి, ఇద్దరు పట్టి గుంజేటట్టు బిగిచ్చి కట్టిన. సాంబ్రాణి ఏసిన. కాలు కింద పెట్టనియ్యలె. గా సీసల నీళ్లు ఎట్ల తగ్గినయో సూసిండ్రా? సున్నకొచ్చినయి." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో గర్వం మెరిసింది.

ఆ గర్వాన్ని నేనే చంపాలి. ఇంకో దారి లేదు.

"పెద్దమ్మా, నీళ్లు తగ్గలే. మీరు కట్టిన కట్టు గొట్టాన్ని వత్తింది. నీళ్లు లోపటనే ఉండి సీము పట్టింది. హెర్నియా కాదు గది. కాన్పులైనంక సాగిన పొట్టను సక్కగ చేయించుకున్నది. మీకు చెప్పలె."

భూలక్ష్మి తన పొట్ట మీద చెయ్యేసుకుంది. "నాకు గూడ గిట్లనే ఏలాడుతది బిడ్డా," అంది. "ముగ్గురిని కన్న. ఎవలన్న ఏమన్నరా? నాకు ఒక్క మాట చెప్తే నేను గా కట్టు కడుదునా? నవ్వుత అనుకున్నదా నా మీద? నేను నవ్వుదునా?"

ఆమె వెక్కుతూ మిగతాది చెప్పింది. జ్వరం పెరిగేసరికి మెదక్ దవాఖానాకు పోదామంది. శ్రేయ వినలేదు. అక్కడ కట్టు విప్పితే ఊళ్లో ఆయన పరువు పోతుందని, ఎందుకో మాత్రం చెప్పకుండా, కాళ్లు పట్టుకుంది. అందుకే తెల్లారి అయిదు గంటలకు టేక్మాల్ నుంచి తన తమ్ముడు మల్లేశాన్ని కారు తీసుకుని రమ్మంది. మల్లేశం అక్కడ ఆర్ఎంపీ. సూదులేస్తాడు, సెలైన్లు ఎక్కిస్తాడు. సాయంత్రానికి తగ్గించి తెచ్చి దింపుతానని ముందు వాకిట్లోంచి తీసుకెళ్లాడు. ఈలోగా రోజీ వచ్చింది, పోలీసులొచ్చారు, ఆమె నోరు పెగల్లేదు.

"నంబరు చెప్పుండ్రి," అన్నాడు శ్రీకాంత్.

నాలుగు అయిదుకు మల్లేశం ఫోన్ ఎత్తాడు. స్పీకర్ పెట్టాను.

"ఏం పరేషాన్ గాకుండ్రి," అన్నాడు హుషారుగా. "పొద్దుగాల నూట మూడు జ్వరముండె. గా గొట్టాలు గుంజి పారేసి రెండు సెలైన్లు ఎక్కిచ్చిన. గిప్పుడు జ్వరం మొత్తం దిగింది. ఒళ్లంత సల్లగైంది. కాళ్లు, చేతులు గూడ సల్లగ అయినయి. మగతగ పండుకున్నది."

భూలక్ష్మి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "బతికించినవు తమ్మీ."

రోజీ మొక్కలేదు. ఆమె మొహంలో నెత్తురు లేదు. "మూత్రం పోసిందా అడుగుండ్రి మేడం."

"పొద్దటిసంది పోలే," అన్నాడు మల్లేశం. "నీళ్లు తక్కువ తాగింది గదా."

"గది తగ్గుడు కాదు మేడం," అంది రోజీ. "సీము నెత్తుట్ల కలిసింది. బీపీ పడిపోతుంది. గిప్పుడే తీసుకపోవాలె, గిప్పుడే." అని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

శ్రీకాంత్ సగం మెట్ల మీద ఉండగానే 108కి ఫోన్ చేశాడు. టేక్మాల్ నుంచి ఎదురు రమ్మన్నాడు. రెండో ఫోన్ స్టేషన్‌కు. "ఒవైస్‌ను ఇడిసిపెట్టుండ్రి. నేను చెప్తున్న, ఇడిసిపెట్టుండ్రి." జీపు తలుపు నాకోసం తనే తెరిచాడు. "ఎక్కు అక్కా," అన్నాడు.

మల్లేశం లైన్ కట్ చేయలేదు. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టమన్నాను. ఊపిరి చప్పుడు వినిపించింది, చాలా పైపైన.

"శ్రేయా, నేను మెహజబీన్‌ను. వస్తున్నం. కండ్లు మూయకు."

"అక్కా." తర్వాత ఎంతోసేపు ఏమీ లేదు. "ఫోటోల ఉన్నామె... ఆమెకు పిల్లలున్నరా అక్కా?"

జీపు ఊరు దాటుతోంది. ఫోటో నా ఒళ్లో సంచిలో ఉంది. ఇరవై ఏళ్లలో ఏ రిపోర్టులోనూ రాయని అబద్ధం నా నోటి నుంచి ఇప్పుడు తేలిగ్గా వచ్చింది. నాలుగు నెలల కిందే రావాల్సింది.

"ఉన్నరమ్మా," అన్నాను. "ఇద్దరు."

"గట్లనా," అంది శ్రేయ. నవ్వినట్టే వినిపించింది.

ఆ తర్వాత ఫోన్లో మల్లేశం గొంతు మొదలైంది. "అమ్మా, శ్రేయమ్మా," అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతులో హుషారు లేదు. శ్రీకాంత్ సైరన్ వేశాడు. రోడ్డు పక్క రాయి మీద టేక్మాల్ ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లని ఉంది.